కరెంటు కారు మన ఇంటికి తగునా?



ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. వాళ్ళు ఈ కాలంలో ఉండి ఉంటే కారు కొని చూడు అని కూడా చేర్చేవారేమో! ఎందుకంటే మధ్యతరగతి ఇంట్లో కారంటే నాలుగు చక్రాల బండి మాత్రమే కాదు. ఏళ్ళ తరబడి కట్టిన చిట్టీ, అమ్మాయి చదువుకని దాచిన సొమ్ము, ఒక్కోసారి బీరువాలో ఉన్న గాజులు కూడా అందులో కలిసిపోతాయి. అటువంటి వస్తువు విషయంలో రంగు చూసి, పక్కింటి వాళ్ళను చూసి తొందరపడకూడదు. ముందు కాగితం, పెన్సిలు దగ్గర పెట్టుకోవాలి.

ఈమధ్య మన పాతబస్తీలో ఏ నలుగురు ఆడవాళ్ళు కలిసినా ఒక ప్రశ్న వినబడుతోంది. "కరెంటు కారు కొంటే పెట్రోలు ఖర్చు ఉండదట కదా, నిజమేనా?" అని. పచ్చరంగు నంబరు ప్లేటు వేసుకుని, చప్పుడు చెయ్యకుండా పోయే ఆ చిన్న కార్లను మీరూ చూసే ఉంటారు. ఆ కారు నడపడానికి ఎలా ఉంటుంది, పెట్టిన డబ్బుకు తగినదేనా అనే రెండు సంగతులూ ఈ రోజు మాట్లాడుకుందాం.

కరెంటు కారు మన దేశానికి నిన్న మొన్న వచ్చింది కాదు. 2001లోనే బెంగుళూరులో రేవా అనే బుల్లి కారు తయారయింది. రెండే తలుపులు. మన ఇన్వర్టరుకు వాడే జాతి సీసం బ్యాటరీలతో నడిచేది. లండన్ వీధుల్లో కూడా వేరే పేరుతో తిరిగింది. 2010లో ఆ సంస్థ మహీంద్రా వారి చేతికి వచ్చింది, 2013లో ఈటూఓ అనే కారు వెలువడింది. అవి మన ఇళ్ళ దాకా అంతగా రాలేదు. ఆ తరువాత లిథియం బ్యాటరీలు వచ్చి, బరువు తగ్గి, దూరం పెరిగింది. 2023 ఫిబ్రవరి 11న మన హుస్సేన్ సాగర్ ఒడ్డున కరెంటు కార్ల అంతర్జాతీయ పందెం జరిగినప్పుడు, ఈ కార్లు ఎంత వేగంగా పోగలవో నగరమంతా చూసింది. కాని పందెం కారు వేరు, మనం కూరగాయలకు వెళ్ళే కారు వేరు.

మన అందుబాటులోకి వచ్చిన వాటిలో ముఖ్యమైనవి రెండు. కంపెనీల పేర్లు చెప్పకుండా ధరలు చెప్పడం కుదరదు గనుక చెబుతున్నాను. వాళ్ళతో నాకు ఇచ్చిపుచ్చుకోవడాలు ఏమీ లేవు. మొదటిది టాటా వారి టియాగో ఈవీ. 2022 సెప్టెంబరు 28న 8 లక్షల 49 వేల ధరతో విడుదలయింది. 2024 ఫిబ్రవరిలో ఆ ధరను 7 లక్షల 99 వేలకు తగ్గించారు. నాలుగు తలుపులు, అయిదుగురు కూర్చునే వీలు ఉన్న మామూలు చిన్న కారే. రెండవది ఎంజీ వారి కామెట్. ఇది 2023లో 7 లక్షల 98 వేలతో వచ్చింది. రెండు తలుపులు, నాలుగు సీట్లు, పొడవు మూడు మీటర్ల కన్నా తక్కువ. ఇవి షోరూం ధరలు. ఇన్సూరెన్సు, పై ఖర్చులు వేరే. పై రకాలకు పోయే కొద్దీ ధరా పెరుగుతుంది.

ముందు నడపడం సంగతి చూద్దాం. మా వదిన వాళ్ళది గౌలిపురా. కారు కొనాలని చూస్తూ, పరీక్షగా నడపడానికి వెళుతూ నన్ను కూడా తీసుకుపోయారు. అన్నయ్య తాళం పెట్టి ముందున్న గుండ్రటి మరను తిప్పాడు. వెనక సీట్లో కూర్చున్న వదిన కాసేపు చూసి, "ఏందయ్యా, బండి చాలు చేసినవా లేదా? సప్పుడే లేదు!" అన్నది. అప్పటికే కారు కదిలి గేటు దాటుతోంది. అదండీ దాని తీరు. ఇంజను లేదు గనుక వణుకు లేదు, గరగర లేదు, పొగ లేదు. క్లచ్ లేదు, గేర్లు మార్చే పని లేదు. కాళ్ళ దగ్గర ఉండేవి రెండే పెడళ్ళు, ఒకటి పోవడానికి, ఒకటి ఆగడానికి.

ఈ రెండు పెడళ్ళ సుఖం మన పాతబస్తీలో ఉన్నవాళ్ళకు తెలిసినట్టు మరొకరికి తెలియదు. నయాపుల్ దాటి మదీనా చౌరస్తా మీదుగా శాలిబండ దాకా సాయంత్రం పూట వచ్చి చూడండి. పది గజాలు పోవడం, ఆగడం, మళ్ళీ పది గజాలు. రంజాను నెల రాత్రుళ్ళు, లాల్‌దర్వాజా బోనాల రోజులు అయితే అదీ లేదు. మామూలు కారులో ఎడమకాలు క్లచ్ మీద నొక్కి నొక్కి మోకాలు పట్టేస్తుంది. మోకాళ్ళ నొప్పులున్న ఆడవాళ్ళు కారు నడపడం మానుకోవడానికి అదొక కారణం. కరెంటు కారులో ఆ బాధ లేదు. పైగా ఆగినప్పుడు ఇంజను తిరుగుతూ పెట్రోలు తాగే సమస్య లేదు. ఏసీకి కావలసిన కొద్దిపాటి కరెంటు తప్ప ఖర్చయ్యేది ఉండదు. అంచేత పెట్రోలు కారుకు ఏది శత్రువో, ఈ కారుకు అది అంత శత్రువు కాదు.

ఇంకో విశేషం ఉంది. పెడలు మీద నుంచి కాలు తియ్యగానే కారు దానంతటదే నెమ్మదిస్తుంది, ఎవరో వెనక నుంచి కొంగు పట్టుకున్నట్టు. చేద బావిలోకి జారేటప్పుడు గిలక దానంతటదే తిరుగుతుంది కదా, అలాగే కారు పోతున్న వేగానికి చక్రాలు మోటారును తిప్పుతాయి. ఆ తిరుగుడుకు కొంత కరెంటు పుట్టి మళ్ళీ బ్యాటరీలో చేరుతుంది. ఈ పట్టు ఎంత ఉండాలో మనమే ఎంచుకోవచ్చు. మొదట్లో కొంచెం వింతగా ఉంటుంది, వెనక కూర్చున్నవాళ్ళకు ఊగినట్టు అనిపిస్తుంది. రెండు మూడు రోజుల్లో కాలికి అలవాటవుతుంది. బ్రేకులు తక్కువ వాడతాం గనుక అవి తొందరగా అరగవు. ఇంజను ఆయిలు మార్చే పని, ప్లగ్గుల పని అసలే ఉండదు. ఫలక్‌నుమా బ్రిడ్జి ఎక్కేటప్పుడు కూడా గేరు దించే పని లేకుండా సాఫీగా ఎక్కింది.

బహదూర్‌పురా దాటి, 2025 జనవరిలో తెరిచిన ఆరాంఘర్ ఫ్లైఓవరు మీదికి ఎక్కాం. నాలుగు కిలోమీటర్ల దారి. ఖాళీగా ఉంటే ఎవరికైనా కాలు గట్టిగా నొక్కాలనిపిస్తుంది. నొక్కగానే ఆలస్యం లేకుండా ముందుకు ఉరుకుతుంది. టియాగోలో చిన్న బ్యాటరీ రకం కూడా ఆగి ఉన్న చోటు నుంచి 60 కిలోమీటర్ల వేగానికి 6.2 సెకన్లలో వస్తుందని కంపెనీ లెక్క. కాని ఒక సంగతి గమనించండి. గల్లీల్లో నిదానంగా పోతున్నంతసేపు బ్యాటరీ అంకె నెమ్మదిగా తరిగింది. పెద్ద రోడ్డు మీద వేగం పెంచగానే గబగబా తరగడం మొదలుపెట్టింది. పెట్రోలు కారు హైవే మీద పొదుపు, ఊళ్ళో దుబారా. ఇది దానికి తలకిందులు. ఊరి లోపల తిరగడానికి పుట్టిన కారు ఇది.

మరి ఎంత దూరం పోతుంది? బ్యాటరీని కిలోవాట్ అవర్లలో చెబుతారు. ఆ మాటకు భయపడకండి, అది మన మీటరులో తిరిగే యూనిట్టే. టియాగోలో 19.2 యూనిట్లు పట్టేది ఒకటి, 24 యూనిట్లు పట్టేది ఒకటి ఉన్నాయి. విడుదల చేసినప్పుడు మొదటిది 250, రెండవది 315 కిలోమీటర్లు పోతుందని ప్రకటించారు. కామెట్‌లో 17.3 యూనిట్లు, 230 కిలోమీటర్లు. ఇవి పరీక్షశాల లెక్కలు. ఎండాకాలం ఏసీ వేసుకుని, నలుగురు కూర్చుని, మన రోడ్ల మీద తిరిగితే అందులో మూడింట రెండు వంతులు వస్తుందని అనుకోవాలి. అంటే టియాగో చిన్న బ్యాటరీతో సుమారు 165 కిలోమీటర్లు. యాదగిరిగుట్టకు పోయి అదే రోజు తిరిగి రావడానికి అంచు మీద నడిచినట్టే. శ్రీశైలమయితే దారిలో ఎక్కడో ఛార్జి చేసుకోక తప్పదు.

కారు లోపలికి వస్తే, ముందు ఇద్దరికీ సుఖం, వెనక ఇద్దరు పెద్దలు, ఒక పిల్లవాడు సరిపోతారు. ముగ్గురు పెద్దవాళ్ళయితే భుజాలు రాసుకుంటాయి. వెనక డిక్కీ 240 లీటర్లు. రెండు మూడు సంచులు, ఒక పెట్టె పడతాయి. బియ్యం బస్తా పెడితే ఇక వేరే సామాను పట్టదు. స్టెప్నీ టైరు ఉండదు, పంక్చరు వేసుకునే సామాను ఇస్తారు. టియాగో వెడల్పు 1,677 మిల్లీమీటర్లు. కామెట్ 1,505 మిల్లీమీటర్లే. ఈ అంకెలు ఎందుకు చెబుతున్నానంటే, మన గల్లీల్లో అయిదు వేళ్ళ వెడల్పు తేడా కూడా తేడాయే. ఎదురుగా ఆటో వస్తే ముందు నుయ్యి, వెనక గొయ్యి అన్నట్టు ఉంటుంది. కొనే ముందు టేపు పట్టుకుని మీ గల్లీ మలుపు కొలవండి. ఇందులో సిగ్గుపడవలసింది ఏమీ లేదు.

చప్పుడు లేకపోవడం సుఖమే గాని, అందులోనే ఒక జాగ్రత్త కూడా ఉంది. మన గల్లీల్లో పిల్లలు గోలీలాడుతుంటారు, ముసలివాళ్ళు గోడ పట్టుకుని నడుస్తుంటారు, మేకలు అడ్డం పడుకుంటాయి. వాళ్ళందరూ చెవితోనే బండిని పసిగట్టి పక్కకు జరుగుతారు. ఈ కారు వెనకకు వచ్చేదాకా వాళ్ళకు తెలియదు. అంచేత గల్లీలో నడక వేగమే పెట్టుకోవాలి, మలుపు దగ్గర చిన్నగా హారను కొట్టాలి.

ఇక నీళ్ళు. 2020 అక్టోబరు వరదలు మన వైపు ఎవరూ మరచిపోలేదు. హాఫిజ్‌బాబానగర్, అల్ జుబైల్ కాలనీ వంటి చోట్ల ఇళ్ళలోకి నీరు వచ్చి, కార్లు నీళ్ళలో తేలాయి. కరెంటు కారు నీళ్ళలో పోతే షాకు కొడుతుందా అని చాలామంది భయం. టియాగోలో బ్యాటరీకి, మోటారుకు ఐపీ 67 అనే రక్షణ ఉంది. అంటే ఒక మీటరు లోతు నీటిలో అరగంట ఉంచి పరీక్షించే ప్రమాణం. వానలో నడపడానికి భయం లేదు. కాని అది ప్రమాదం తప్పించడానికి చేసిన ఏర్పాటే తప్ప, వరదలో దిగమని ఇచ్చిన అనుమతి కాదు. పల్లపు ఇళ్ళ వాళ్ళు వాన ముదిరే ముందే కారును మెరక మీదికి చేర్చుకోవాలి.

ఇంతవరకు విన్నవాళ్ళకు కారు బాగుందనే అనిపిస్తుంది. నడపడానికి బాగానే ఉంటుంది కూడా. అసలు ప్రశ్న షోరూంలో లేదు. అది మన ఇంటి గోడ దగ్గర, మీటరు బోర్డు కింద ఉంది. రాత్రి ఈ కారును ఎక్కడ నిలబెడతారు? అక్కడ ప్లగ్గు ఉందా?

కారుతో పాటు ఇచ్చే వైరును 15 యాంపియర్ల ప్లగ్గులో, అంటే గీజరు పెట్టే పెద్ద ప్లగ్గులో పెట్టాలి. చిన్న బ్యాటరీ పదో వంతు నుంచి నిండడానికి సుమారు 7 గంటలు, పెద్దది అయితే సుమారు 9 గంటలు పడుతుంది. రాత్రి భోజనాలయ్యాక పెడితే తెల్లవారేసరికి నిండుతుంది. అది లాగే లోడు 3.3 కిలోవాట్ల దాకా ఉండవచ్చు. మన పాత ఇళ్ళలో చాలా వాటికి ఒకటి రెండు కిలోవాట్ల లోడే మంజూరై ఉంటుంది. అందులోనే గీజరు, కూలరు, మోటారు అన్నీ. అంచేత ముందు కరెంటు ఆఫీసులో దరఖాస్తు పెట్టి లోడు పెంచుకోవాలి. మీటరు నుంచి కారు దాకా విడిగా మందపు వైరు వేయించాలి, దానికి విడిగా ఎంసీబీ, షాకు కొట్టకుండా ఆపే ఆర్సీసీబీ పెట్టించాలి. అన్నిటికన్నా ముఖ్యం ఎర్తింగు. తాతల నాటి ఇంట్లో ఎర్తు వైరు ఉన్నదో లేదో ఎవరికీ తెలియదు. తెలిసిన ఎలక్ట్రీషియన్‌ను పిలిచి పరీక్ష చేయించాలి.

ఇంటి ముందు గల్లీలో కారు నిలబెట్టి, రెండో అంతస్తు కిటికీ నుంచి వైరు కిందికి వేలాడదీద్దామని కొందరి ఆలోచన. దయచేసి ఆ పని చెయ్యకండి. గల్లీలో పోయేది మన పిల్లలొక్కరే కాదు. వానకు తడిసిన ఎక్స్‌టెన్షన్ బాక్సు, గంటల తరబడి వేడెక్కిన సన్నటి వైరు, ఎవరి కాలికో తగిలితే పెట్రోలులో మిగిలింది ఎంత అని లెక్క వేసుకోగలమా?

ఇప్పుడు అసలు లెక్కకు వద్దాం. రెండు ఇళ్ళు తీసుకుంటాను. ఒకటి మా అన్నయ్యది. గౌలిపురాలో సొంత ఇల్లు, గేటు లోపల కారు పట్టేంత వాకిలి. శంషాబాద్ వైపు ఉద్యోగం. రోజుకు రానుపోను 30 కిలోమీటర్లకు తగ్గదు. నెలకు 25 రోజులనుకుంటే 750 కిలోమీటర్లు. చిన్న పెట్రోలు కారు మన ట్రాఫిక్కులో లీటరుకు 13 కిలోమీటర్లు ఇస్తుందనుకుందాం. 2025లో ఇక్కడ లీటరు పెట్రోలు 107 రూపాయల పైచిల్లర. ఆ చొప్పున నెలకు సుమారు 6,170 రూపాయలు అవుతుంది.

కరెంటు కారుకు, ఛార్జి చేసేటప్పుడు పోయే తరుగు కూడా కలుపుకుంటే, మీటరులో ఒక యూనిట్టుకు 7 కిలోమీటర్లు అనుకోవచ్చు. 750 కిలోమీటర్లకు 107 యూనిట్లు. ఇంట్లో మామూలుగా 180 యూనిట్లు కాలుతుంటే, ఇప్పుడు 287 అవుతుంది. 2022-23లో నిర్ణయించిన గృహ రేట్ల ప్రకారం 180 యూనిట్లకు 724 రూపాయలు, 287 యూనిట్లకు సుమారు 1,690 రూపాయలు. తేడా 966. అంటే పెట్రోలుకు 6,170 అయ్యే చోట కరెంటుకు 966. నెలకు 5,200 రూపాయల మిగులు. ఏడాదికి 62 వేల పైచిల్లర.

ఇక్కడ ఒక మెలిక ఉంది, జాగ్రత్తగా వినండి. ఆ రేట్లలో 200 యూనిట్ల లోపు వాళ్ళకు ఒక వరస, 200 దాటిన వాళ్ళకు మొదటి యూనిట్టు నుంచే వేరే వరస. సరిగ్గా 200 యూనిట్లకు 820 రూపాయలు. 201 అయితే 1,027 రూపాయల 70 పైసలు. ఆ ఒక్క యూనిట్టు ఖరీదు 207 రూపాయలు! అంతేకాదు, 2024లో మొదలైన గృహజ్యోతి పథకం కింద సున్నా బిల్లు వస్తున్న ఇళ్ళకు, 200 యూనిట్లు దాటితే ఆ నెల మొత్తం బిల్లు కట్టవలసి వస్తుంది. కారు అమ్మేవాళ్ళు కిలోమీటరుకు ఇంత అని చెప్పే లెక్కలో ఇది కనబడదు. ఛార్జింగుకు విడిగా కనెక్షను తీసుకుంటే ఏ రేటు పడుతుందో కరెంటు ఆఫీసులో అడగండి. లెక్క ఆ రేటు వేసుకుని చూడాలి.

రెండో ఇల్లు హుస్సేనీఆలంలో నా స్నేహితురాలిది. మేడ మీద అద్దెకు ఉంటారు. కారు నిలబెట్టేది వీధిలోనే. పిల్లల బడి, మీరాలం మండిలో కూరగాయలు, నెలకోసారి డాక్టరు. అన్నీ కలిపి రోజుకు 8 కిలోమీటర్లు, నెలకు 200. "పెట్రోలు ఖర్చు లేదంటే సగం పుణ్యం కదనే" అన్నది ఆమె. పెట్రోలు కారయితే ఆమెకు నెలకు 1,650 రూపాయలు. కరెంటు కారుకు 29 యూనిట్లు. ఇంట్లో కాలే 190కి ఇవి కలిపితే 219. బిల్లు 772 నుంచి 1,166కు పెరుగుతుంది, అంటే 394 ఎక్కువ. మిగిలేది నెలకు సుమారు 1,250, ఏడాదికి 15 వేలు. అదే ఇంటికి సున్నా బిల్లు వస్తూ ఉందనుకోండి, అప్పుడు 1,166 మొత్తం కొత్త ఖర్చే. నెలకు మిగిలేది 480 రూపాయలు మాత్రమే. అది కూడా ఇంట్లో ప్లగ్గు ఉంటేనే సుమా. బయటి ఛార్జింగు కేంద్రాలలో చాలాచోట్ల ఇంటి రేటుకు రెట్టింపు, అంతకు పైన కూడా ఉంటుంది.

ఈ మిగులును ధరలో తేడాతో పోల్చాలి. 2025 సెప్టెంబరు 22న చిన్న పెట్రోలు కార్ల మీద జీఎస్టీని 18 శాతానికి తగ్గించారు. అంతకుముందు 28 శాతం, పైన సెస్సు. కరెంటు కార్లకు 2019 నుంచి ఉన్న 5 శాతమే కొనసాగింది. ఆ తగ్గింపుతో పెట్రోలు టియాగో మొదటి రకం 4 లక్షల 57 వేలకు దిగింది. దానికి మన రాష్ట్రంలో 13 శాతం జీవితకాలపు రోడ్డు పన్ను, అంటే దాదాపు 60 వేలు. కరెంటు కార్లకు 2024 నవంబరు 18 నుంచి 2026 డిసెంబరు 31 వరకు రోడ్డు పన్ను, రిజిస్ట్రేషను ఫీజు పూర్తిగా మాఫీ చేశారు. ఆ మాఫీని కలుపుకున్నా 7 లక్షల 99 వేల కారుకు, దీనికి మధ్య తేడా 2 లక్షల 80 వేలు. గేర్లు లేని పెట్రోలు కారుతో పోలిస్తే ఆ తేడా బాగా తగ్గుతుంది. మాఫీ గడువు దాటాక కొంటే పెరుగుతుంది.

ఇప్పుడు భాగించండి. మా అన్నయ్య ఇంట్లో ఆ 2 లక్షల 80 వేలు నాలుగున్నర ఏళ్ళలో తిరిగి వస్తాయి. బ్యాటరీకి, మోటారుకు కంపెనీ ఇచ్చే హామీ 8 ఏళ్ళు, లేదా 1 లక్షా 60 వేల కిలోమీటర్లు, ఏది ముందయితే అది. అంటే హామీ ఉండగానే మరో మూడున్నర ఏళ్ళు లాభంలో నడుస్తారు. హుస్సేనీఆలం ఇంట్లో అదే డబ్బు తిరిగి రావడానికి 18 ఏళ్ళు దాటుతుంది. సున్నా బిల్లు పోగొట్టుకునే ఇంటికి 48 ఏళ్ళు! కారు అదే, కంపెనీ అదే, రంగు కూడా అదే కావచ్చు. ఒక ఇంటికి పొదుపు, మరో ఇంటికి దుబారా. పిండి కొద్దీ రొట్టె అన్నట్టు, తిరిగే దూరం కొద్దీ ఈ కారు విలువ.

చిత్రమేమిటంటే, తక్కువ తిరుగుతాం కదా, చిన్న కరెంటు కారు చాలు అని అనుకునేవాళ్ళకే ఇది ఎక్కువ నష్టం. రోజూ చచ్చేటంత తిరిగే ఇంటికే లాభం. ఎనిమిది కిలోమీటర్ల వాళ్ళు ఆ డబ్బును బ్యాంకులో వేసుకుని, అవసరమైనప్పుడు ఆటో పిలుచుకుంటే చాలు. లేదా ఇంట్లో ఉన్న పాత బండినే బాగు చేయించుకుని వాడుకున్నా నష్టం లేదు.

బ్యాటరీని అద్దెకు ఇచ్చే పద్ధతి కూడా ఒకటి వచ్చింది. 2024 సెప్టెంబరులో కామెట్‌ను 4 లక్షల 99 వేలకు ఇచ్చి, బ్యాటరీకి కిలోమీటరుకు 2 రూపాయల 50 పైసల చొప్పున తీసుకుంటామని ప్రకటించారు. మొదట కట్టేది తగ్గుతుంది గనుక ఆకర్షణగా ఉంటుంది. కాని నెలకు 750 కిలోమీటర్లు తిరిగితే 1,875 రూపాయలు అద్దె, కరెంటు బిల్లు వేరే. నెలకు కనీసం ఇన్ని కిలోమీటర్లకు కట్టాలనే షరతు ఉందా, అద్దె పెంచే హక్కు ఎవరిది, కారు అమ్ముకుంటే బ్యాటరీ సంగతేమిటి అనేవి సంతకానికి ముందే చదివించుకుని వినాలి.

కనుక కొనాలని ఉన్న అక్కచెల్లెళ్ళు ముందుగా నాలుగు పనులు చెయ్యండి. పాలలెక్క రాసుకునే పుస్తకంలోనే ఒక నెల పాటు ఇంట్లోవాళ్ళు రోజూ తిరిగే దూరం రాయండి. ఊహించి కాదు, చూసి రాయండి. గడిచిన పన్నెండు నెలల కరెంటు బిల్లులు బయటకు తీసి, దానికి కారు యూనిట్లు కలిపి చూడండి. ఎండాకాలపు నెలలు విడిగా చూడండి. కారు నిలబెట్టే చోటు మీ స్వంతమా, అక్కడికి మంచి వైరు వస్తుందా అని ఎలక్ట్రీషియన్‌ను అడగండి. అద్దె ఇల్లయితే ఇంటి యజమాని ఒప్పుకుంటారా అని ముందే మాట్లాడండి, కారు వచ్చాక కాదు. నాలుగోది, కారును షోరూం ముందున్న వెడల్పు రోడ్డు మీద కాక, మీ గల్లీలో, మీ మలుపులో, ఇంటిల్లిపాదిని ఎక్కించుకుని నడిపి చూడండి. రోజుకు 30 కిలోమీటర్లు, స్వంత ప్లగ్గు, ఎనిమిదేళ్ళు అమ్మకుండా ఉంచుకునే ఓపిక. ఈ మూడూ ఉన్న ఇంటికి ఇది మంచి బేరం. ఒక్కటి లోపించినా మళ్ళీ లెక్క వెయ్యాలి.

మా వదిన వాళ్ళ ఇంట్లో లోడు పెంచమని దరఖాస్తు పెట్టారు. ఎర్తింగు గొయ్యి తవ్వించారు. కారు ఆ తరువాతే. వదిన మాత్రం ఒక షరతు పెట్టింది. "ఎనిమిది లచ్చలు పెట్టి కొన్నంక అది పొద్దంతా ఆఫీసు కాడ నిలబడుడేనా? ఆదివారం తాళం నాకియ్యాలె" అని. ఆమె డ్రైవింగు నేర్చుకుంటోంది. క్లచ్ లేని కారు గనుక భయం తగ్గిందంటోంది. నా మాటకు వస్తే, ఆ షరతు కూడా ప్రతి ఇంటి లెక్కలో వెయ్యదగిన అంకే. ఇంటి డబ్బుతో కొన్న బండిని ఇంటి ఇల్లాలు కూడా నడపగలగాలి. అప్పుడే ఆ ధరకు పూర్తి విలువ వచ్చినట్టు.